ఎస్తేరమ్మ గారి కారుకి దారిచ్చే ఊరు

అమెరికా వెళ్ళొచ్చానంటే మా ఏలూరులో అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఆకాశాన్నంటే మేడలు చూశావా? మంచు చూశావా? నేను రెండూ చూడలేదు. నేను చూసిన అమెరికాలో రెండంతస్తులు దాటి పైకి లేచినవి ధాన్యం నిలవచేసే రేకు గాదెలు మాత్రమే. మిగతాదంతా మొక్కజొన్న. అడిగినవాళ్ళు పాపం మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతున్నారు. అందుకని ఒకసారి కూర్చుని అంతా రాసేస్తున్నాను. చదివాక కూడా మేడల గురించే అడిగితే నేనేమీ చెయ్యలేను.

నా పేరు కరుణ. పుట్టింది తాడేపల్లిగూడెం, ఉండేది వట్లూరు. ఏలూరులో ఒక కంటి ఆస్పత్రిలో పదిహేనేళ్ళుగా కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. కొల్లేరు లంక గ్రామాల్లో కంటి శిబిరాలు పెట్టినప్పుడల్లా టార్చిలైటు పట్టుకుని పడవెక్కేది నేనే. రెండువేల ఏడులో, కొల్లేట్లో చెరువు గట్లు కొట్టేసిన మరుసటి సంవత్సరం, ఒక సేవా క్లబ్బు వాళ్ళు మా ప్రాంతం నుంచి కొందరిని ఐదు వారాలపాటు అమెరికా పల్లెలు చూసి రమ్మని పంపారు. నాకూ, కలిదిండిలో చేపల చెరువులున్న రాజు గారికీ నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక కౌంటీ పడింది. కౌంటీ అంటే మన మండలం కంటే పెద్దది, జిల్లా కంటే చిన్నది. దాని పేరు మాత్రం రాయను. అక్కడున్న జనం ఎంత కొద్దిమందంటే, పేరు రాస్తే నేను ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే తెలిసిపోతుంది.

మైలుకో ఇల్లు

అక్కడ రోడ్లు గళ్ళ లుంగీ మీద గీతల్లా ఉంటాయి. మైలుకో రోడ్డు నిలువుగా, మైలుకో రోడ్డు అడ్డంగా. ఎక్కువ వాటికి తారు లేదు, కంకరే. మైలుకో, రెండు మైళ్ళకో ఒక ఇల్లు. ఇంటి ముందు, రోడ్డు పక్కన, కర్ర మీద నిలబెట్టిన రేకు పోస్టు డబ్బా. ప్రహరీ లేదు, గేటు లేదు, తలుపుకి తాళం లేదు.

మొదటిరోజు రాజు గారు కారు దిగి నాలుగువైపులా చూసి, "ఏవండీ కరుణ గారూ, మనుషులేరండీ ఇక్కడ? మా చెరువు గట్టు మీద కాపలాకే ఇంతకంటే ఎక్కువమంది ఉంటారు కదండీ!" అన్నారు. ఆయన్ని డేల్, కారల్ అనే దంపతుల ఇంట్లో పెట్టారు. డేల్ వ్యవసాయం చేస్తూ స్కూలు బస్సు కూడా నడుపుతాడు. నన్ను వాళ్ళ పొరుగింట్లో పెట్టారు. పొరుగంటే మైలున్నర.

ఆ ఇల్లు ఎస్తేర్ గారిది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉంటారు. ముప్ఫై ఏళ్ళు ఒకటో తరగతి టీచరు. ఆ కౌంటీలో నలభై దాటిన ప్రతివాడికీ అక్షరాలు దిద్దించింది ఆవిడే. పిల్లల్లేరు, భర్త పోయి చాలా ఏళ్ళైంది. పొలం డేల్‌కి కౌలుకిచ్చి, ఇల్లూ కోళ్ళూ చూసుకుంటూ ఒక్కరే ఉంటారు. "నన్ను ఎస్తేర్ అని పిలువు చాలు" అన్నారు. ఆ వయసు మనిషిని వట్టి పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మా చర్చిలో ఎస్తేరమ్మలు నలుగురున్నారు, ఈవిడ ఐదో ఆవిడ అనుకుని "ఎస్తేరమ్మ గారూ" అన్నాను. అమ్మ అంటే ఏమిటి, గారు అంటే ఏమిటి అని పంతులమ్మలాగే అడిగి తెలుసుకుని, తెగ సంతోషపడిపోయి, ఫోనులో నలుగురికి చెప్పుకున్నారు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే అయినా నాకు ఇప్పుడు తెలుగులోనే గుర్తుంది. అలాగే రాస్తున్నాను.

పెట్టె తెరిస్తే ఆవకాయ నూనె కారి చీరలన్నీ ఎర్రబడ్డాయి. వచ్చిన అరగంటకే నా చీరలు ఆవిడ వంటింటి సింకులో నానుతున్నాయి. ఆ వాసనకి తుమ్మారే తప్ప విసుక్కోలేదు.

ఆవిడ ఇంట్లో కూడా పెద్ద నల్ల కళ్ళజోడు పెట్టుకునే ఉంటారు. వెలుతురు పడదన్నారు. నేను నమ్మేశాను. పదిహేనేళ్ళుగా మనిషిని చూస్తే ముందు కళ్ళు చూసేదాన్ని, నమ్మేశాను! అతిథిగా వెళ్తే బుర్ర కూడా సెలవు పెడుతుంది కాబోలు.

వద్దంటే వద్దే

మొదటి రాత్రి బంగాళాదుంపలూ కోడిమాంసమూ కలిపి పొయ్యిలో కాల్చిన వంటకం పెట్టారు. ఉప్పు తక్కువైనా బాగుంది. ఒకసారి వడ్డించి, "ఇంకొంచెం?" అన్నారు. మనం ఊరుకుంటామా? "వద్దండి, చాలండి" అన్నాను. మన దగ్గర అయితే ఆ మాటకి అర్థం ఇంకో రెండుసార్లు అడగమని. ఆవిడ "సరే" అని గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశారు. తలుపు మూసుకున్న చప్పుడు నా కడుపులో వినబడింది. కారగా మిగిలిన ఆవకాయలో బిస్కెట్లు ముంచుకుని తిని పడుకున్నాను. మూడోరోజుకి గానీ బుద్ధి రాలేదు. అక్కడ మీ మాటని మాటగానే తీసుకుంటారు. ఆకలేస్తే ఆకలని చెప్పాలి. చెప్పడం నేర్చుకున్నాక రెండు కిలోలు పెరిగాను.

రోడ్డు పక్కన ఒక బల్ల, దాని మీద టమాటాలు, గుమ్మడికాయలు, పక్కన రేకు డబ్బా. మనిషి ఉండడు. డజను మొక్కజొన్న కండెలు రెండు డాలర్లు, డబ్బాలో వేసి తీసుకుపోవడమే. "మన దగ్గరైతే డబ్బాతో సహా పోద్దండీ" అన్నారు రాజు గారు. ధాన్యం గాదెల దగ్గర రైతులు పొద్దున్నే చేరి కాఫీ తాగుతారు. కప్పు అర డాలరు, అంటే ఇరవై రూపాయలు. ఏలూరు బస్టాండులో ఐదు టీలొస్తాయి. పైగా ఆ కాఫీ నల్లగా, నీళ్ళలా ఉంటుంది. అయినా రాజు గారు రోజూ వెళ్ళేవారు. వానా, ధరా, డీజిలూ, గవర్నమెంటూ అనే నాలుగు ముక్కలతోనే వాళ్ళ కబుర్లన్నీ నడుస్తాయనీ, కలిదిండిలో కూర్చున్నట్టే ఉందనీ చెప్పేవారు.

పక్కకి తప్పుకునే కార్లు

ఊరు పదకొండు మైళ్ళు. పాలు కావాలన్నా, తపాలా బిళ్ళ కావాలన్నా, తలనొప్పి మాత్ర కావాలన్నా అంత దూరమూ వెళ్ళాలి. బస్సు లేదు, ఆటో లేదు, అడిగితే ఎక్కించుకునే ట్రాక్టరు కూడా రోజుకి ఒకటో రెండో. కారు లేని మనిషి అక్కడ బతకలేడు. ఎస్తేరమ్మ గారికి మంచమంత వెడల్పు పాత కారుంది. అందులోనే నన్ను అన్నిచోట్లకీ తిప్పారు.

ఊరి మొదట్లో ముసలివాళ్ళని ఉంచే ఒక పొడుగాటి పెంకుటింటి లాంటి భవనం ఉంది. దాని ముందునుంచి వెళ్ళేటప్పుడు ఆవిడ అటువైపు తల తిప్పరు. "వచ్చే నెల నాకు ఎనభై నిండుతాయి. లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి" అన్నారు ఒకరోజు. "అది పోయిందంటే ఇల్లు అమ్మి అందులో చేరడమే. నా స్నేహితురాలు మార్గరెట్‌కి లైసెన్సు పోయిన మూడో వారంలో తీసుకొచ్చి ఇందులో పెట్టారు. కోళ్ళని ఎవరికో ఇచ్చేశారు."

ఆ రోడ్ల మీద ఒక అలవాటు చూశాను. ఎదురుగా వచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండా చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. అదే వాళ్ళ నమస్కారం. తెలిసినా, తెలియకపోయినా ఎత్తాల్సిందే. ఎస్తేరమ్మ గారూ ఎత్తేవారు. దానికి తోడు ఇంకోటి. ఆవిడ కారు దూరంగా కనబడగానే ఎదుటి బండ్లు వేగం తగ్గించి, కంకర దిగి, గడ్డిలోకి వెళ్ళి ఆగేవి. మేం దాటాక మళ్ళీ రోడ్డెక్కేవి. లారీలంత ట్రాక్టర్లు కూడా ఆగేవి.

మా నాన్నగారి చిన్నతనంలో మాష్టారు ఎదురొస్తే సైకిలు దిగి నిలబడేవారట. ఆ మర్యాద మన దగ్గర పోయి, సముద్రాలు దాటి ఇక్కడ బతికుందని నా గుండె నిండిపోయింది. డైరీలో అరపేజీ రాసుకున్నాను కూడా.

చర్చి కింద గదిలో

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింద గదిలో అందరూ కలిసి భోజనం. ఎవరింట్లో వండింది వాళ్ళు తేవడమే. గిన్నె అడుగున ప్లాస్టరు ముక్క మీద ఇంటిపేరు రాసి ఉంటుంది. మనం పెళ్ళి సామాను మీద పేర్లు కొట్టించినట్టే. తియ్యటి జెల్లీలో కేరట్ తురుము వేసి తింటారు. ఎందుకో అడగలేదు. రాజు గారు డేల్ గారి చెరువులో పట్టిన చేపలు, అచ్చం మన జెల్లల్లాగే ఉన్నాయి, చింతపండుతో పులుసు పెట్టి తెచ్చారు. పిల్లలు వాసన చూసి పారిపోయారు. ఒక పెద్దాయన మాత్రం మూడుసార్లు వేయించుకుని, చెమటలు తుడుచుకుంటూ ఒక కూజా నీళ్ళు తాగాడు.

అప్పుడు పాస్టరు గారు నన్ను లేపి, మా దగ్గర మీకు బాగా నచ్చినదేమిటో చెప్పమన్నారు. నేను వెనకా ముందూ చూడలేదు.

"పెద్దలంటే గౌరవమని మా దేశంలో గొప్పలు చెప్పుకుంటామండి. మీ ముందు మేం దిగదుడుపే. ఎస్తేరమ్మ గారి కారు కనబడితే చాలు, మీరందరూ బండి గడ్డిలోకి దింపి ఆపి దారిస్తున్నారు. చదువు చెప్పిన టీచరుకి ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు" అన్నాను.

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. కారల్ తన పళ్ళెంలోకి చూస్తోంది. డేల్ దగ్గాడు. పాస్టరు గారు కాలరు సవరించుకున్నారు. ఎస్తేరమ్మ గారొక్కరే మెరిసే మొహంతో, "అవును, మా పిల్లలు మొదట్నుంచీ మంచివాళ్ళు" అన్నారు. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ కొట్టారు. నా ఉపన్యాసానికి వాళ్ళ నోటమాట రాలేదనుకుని గర్వంగా కూర్చున్నాను.

బుధవారం బొంతలు

బుధవారాలు అదే గదిలో ఆడవాళ్ళు పదిమంది చేరి బొంతలు కుడతారు. గుడ్డముక్కలు అతికి, చెక్క చట్రానికి బిగించి, చుట్టూ కూర్చుని తలా ఒక అంచు. ఎక్కడెక్కడి దేశాల్లోనో వరదలొచ్చినవాళ్ళకి పంపుతారట. ఎస్తేరమ్మ గారికి కిటికీ పక్క చోటు ప్రత్యేకం. నాకూ ఒక సూదిచ్చారు.

పదకొండింటికి ఆవిడ కాఫీ పెట్టడానికి పైకి వెళ్ళారు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగగానే కారల్ లేచి ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. చిన్న కత్తెర తీసి, ఎస్తేరమ్మ గారు పొద్దుట్నుంచీ కుట్టిన కుట్లన్నీ ఒక్కొక్కటే కత్తిరించి లాగేసింది. పక్కావిడ అదే రంగు దారంతో మళ్ళీ కుట్టుకొచ్చింది. ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా చేతులు వాటంతటవే కదిలాయి. ఇది ఇవాళ మొదలైంది కాదని అర్థమైంది.

"ఆవిడకి చెప్పకు, సరేనా?" అంది కారల్ నా వైపు చూడకుండా.

నేను ఆ కుట్లు చూశాను. ఒకటి గోరంత, ఒకటి జానెడు. కొన్ని గుడ్డ దాటి చట్రం మీదకి పోయాయి. ఆ మాత్రం చూశాక నాకు టార్చిలైటు అక్కర్లేకపోయింది. వెలుతురు పడకపోవడం, నల్ల కళ్ళజోడు, కిటికీ పక్క కుర్చీ, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. బాగా ముదిరినవి.

తిరుగు ప్రయాణంలో ఎదురుగా ఒక్క బండీ రాలేదు. ఎస్తేరమ్మ గారు దారి పొడుగునా చూపుడువేలు ఎత్తుతూనే ఉన్నారు. రోడ్డు పక్క పోస్టు డబ్బాలకి. నా మర్యాద సిద్ధాంతం అక్కడ కూలిపోయింది. వాళ్ళు గౌరవంతో ఆగడం లేదు. గుద్దేస్తారని తప్పుకుంటున్నారు. ఆ సంగతి నేను అందరి ముందూ నిలబడి మెచ్చుకుని వచ్చాను.

మధ్యాహ్నం మూడున్నర

మర్నాడు చెప్పాలని లేచాను. నోరు రాలేదు. అన్నం పెట్టిన మనిషి, పైగా పంతులమ్మ. సాయంత్రం చెబుదాంలే అనుకుని ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాను. మూడు దాటాక తపాలా బిళ్ళలు అయిపోయాయని పైకే అనేశాను.

"పోస్టాఫీసు నాలుగున్నరకి మూసేస్తారు, పద" అని ఆవిడ తాళాలు తీశారు. వద్దని గట్టిగా అనాల్సింది. అప్పటికే చెప్పి ఉండాల్సింది. రెండూ చెయ్యకుండా పక్కసీట్లో కూర్చున్నాను. అది నా తప్పే.

మూడో మైలు మలుపు దగ్గర పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి ఉంది. ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. ఆ దీపాలు వెలిగితే రెండువైపులా బండ్లన్నీ ఆగి తీరాలని అక్కడి చట్టం. మొక్కజొన్న కోతల దుమ్ము గాలిలో లేచి ఉంది. బస్సు ముందునుంచి ఒక ఆరేళ్ళ పాప, ఊదారంగు టిఫిను డబ్బా ఊపుకుంటూ రోడ్డు దాటుతోంది. కారు వేగం తగ్గలేదు.

"ఆపండమ్మా! ఆపండి!" అని తెలుగులో అరిచాను.

భాష తెలియకపోయినా ఆవిడ బ్రేకు తొక్కేశారు. కంకరలో జారుకుంటూ వెళ్ళి ఆగాం. పాపకీ కారుకీ మధ్య ఒక మంచం పట్టేంత చోటుంది. ఆ పిల్ల మా వైపు చూసి, చెయ్యూపి, ఇంట్లోకి పరిగెత్తింది. బస్సులో డేల్ మొహం సున్నం కొట్టినట్టుంది. హారన్ కొట్టలేదు, అరవలేదు. స్టీరింగు మీంచి చూపుడువేలెత్తి పలకరించాడు.

"దుమ్ములో సరిగ్గా కనబడలేదు. కుక్కా అది?" అన్నారు ఎస్తేరమ్మ గారు.

ఆ పాప ఇంటి తలుపు మూసుకునేదాకా నేను అటే చూస్తూ కూర్చున్నాను.

రాజు గారి సలహా

ఆ సాయంత్రం రాజు గారు నడుచుకుంటూ వచ్చారు. డేల్ ఇంటికి రాగానే జరిగిందంతా ఆయనతో చెప్పేశాడట. రాజు గారు నాకు అసలు సంగతి చెప్పారు. ఎస్తేరమ్మ గారు ఎప్పుడెప్పుడు ఊళ్ళోకి వెళ్తారో కౌంటీ అంతటికీ తెలుసు. బుధవారం తొమ్మిదిన్నర, శనివారం పది, ఆదివారం ఆరాధనకి. ఆ వేళల్లో డేల్ బస్సు ఆ రోడ్డు మీద ఉండదు. మిగతావాళ్ళు ఆ వేళల్లో ధాన్యం లారీలు ఆ రోడ్డెక్కనివ్వరు. రెండేళ్ళుగా ఇలాగే సాగుతోంది. గురువారం మూడున్నర మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. అది నా తపాలా బిళ్ళలు తెచ్చిన వేళ.

"మరి ఒక్కరైనా చెప్పకపోవడమేంటండీ?" అన్నాను.

"ఎలా చెప్తారండీ? వాళ్ళందరికీ ఆవిడే పలక పట్టించేరంట. పైగా చెప్పేరనుకోండి, లైసెన్సు పోద్ది, ఇల్లు పోద్ది. ఆ పాపం ఎవరు మూటగట్టుకుంటారండీ?"

"నేను చెబుతానండి."

"ఏవండీ, చుట్టపుచూపుగా వచ్చేం. మూడు వారాల్లో పోతాం. మనకెందుకండీ బాబూ!"

"ఆ పిల్ల మీ అమ్మాయైతేనండీ?"

రాజు గారు చెప్పుల్లో దూరిన కంకర దులుపుకున్నారు. "ఆయ్, చెప్పేయండి" అని వెళ్ళిపోయారు.

చెప్పేశాను

శుక్రవారం పొద్దున్న వంటింటి బల్ల దగ్గర, "ఎస్తేరమ్మ గారూ, ఒక్కసారి కళ్ళజోడు తీసి కిటికీ వైపు తిరుగుతారా?" అన్నాను.

"ఎందుకు?"

"మా ఊళ్ళో నా పని అదేనండి."

తీశారు. రెండు కంటిపాపల్లోనూ గోధుమరంగు మబ్బు. నేను మూడడుగులు వెనక్కి వెళ్ళి చెయ్యెత్తి, ఎన్ని వేళ్ళో చెప్పమన్నాను.

"మూడు" అన్నారు ధీమాగా.

నేను ఎత్తి చూపింది వట్టి పిడికిలి.

మాట మెత్తబెడితే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. నిన్న కుక్క కాదు, పాప అని చెప్పాను. కార్లు పక్కకి తప్పుకునేది మర్యాదకి కాదని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంకా ఏముంది?" అన్నారు.

దాచలేకపోయాను. "బుధవారం మీరు కుట్టినవి విప్పి మళ్ళీ కుడుతున్నారండి."

కార్ల మాటకి చలించని మనిషి ఈ మాటకి తల దించేశారు. "డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన లైసెన్సు ఆపించేస్తాడు. నీకు తెలియదు" అన్నారు. "అయిదేళ్ళ కిందట మెషిన్లో ఏ అక్షరాలొచ్చాయో నాకు ఇంకా గుర్తే. ఈసారీ చదివేస్తాను."

"అక్షరాలు గుర్తుంటాయండి. ఆ పాప రోడ్డు మీదకి ఎప్పుడొస్తుందో గుర్తుండదు కదండీ" అన్నాను. కొల్లేటి లంకలో ఒకావిడ పడవరేవు దారి కాళ్ళకి తెలుసు, కళ్ళెందుకని ఆపరేషనుకి రానంది. ఆవిడకి చెప్పిందే ఈవిడకీ చెప్పాను. ఇది పదిహేను నిమిషాల పని. చేయించుకుంటే లైసెన్సు నిలబడొచ్చు. చేయించుకోకపోతే ఇవాళ కాకపోతే రేపు పోయేది లైసెన్సు ఒక్కటే కాదు.

"అది మీ దేశంలో" అన్నారు.

"కన్ను ఎక్కడైనా ఒకటేనండి."

ఆవిడ లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే గుడ్డూ రొట్టే బల్ల మీద పెట్టి, నేను వచ్చేలోపు కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేవారు. కారు తాళాలు మాత్రం గోడ మేకుకి వేలాడుతూనే ఉన్నాయి, తియ్యలేదు. శనివారం కారల్ వచ్చి వాకిట్లో నిలబడి, "ఆవిడ నాకు ఫోన్ చేసి కుట్ల సంగతి అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. రాత్రంతా ఏడ్చాను. మేం ఆవిడని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నామో నీకేం తెలుసు?" అంది. చూసుకుంటున్నారని నాకూ తెలుసన్నాను. కానీ బస్సు మీ ఆయనదే కదండీ అన్నాను. కారల్ వెళ్ళేముందు ఎందుకో నా భుజం పట్టుకుంది.

నేను చేసింది సరైనదేనని నాకు అనుమానం లేదు. అయినా ఆ మూడు రోజులూ తిన్న పళ్ళెం కడిగేసి, ఆవిడ వచ్చేలోపు నా గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

సోమవారం పొద్దున్న బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. "ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. నువ్వు పక్కన ఉండాలి" అన్నారు.

పదహారు మంచాల ఆస్పత్రి

కౌంటీ ఆస్పత్రిలో పదహారు మంచాలు. కంటి డాక్టరు పెద్ద ఊరి నుంచి మంగళవారం మంగళవారం వస్తాడు. ఆ మంగళవారం చూశాడు. ఎవరో మానుకోవడంతో మరుసటి మంగళవారమే ఆపరేషనుకి చోటు దొరికింది. వారమంతా ఎస్తేరమ్మ గారిని బొంతల ఆడవాళ్ళు వంతులేసుకుని తిప్పారు. రెండో కన్ను చలికాలంలో చేస్తామన్నారు.

మా దగ్గర ఆపరేషను రోజంటే తిరునాళ్ళే. లంకల నుంచి నలభైమంది పడవలెక్కి, బస్సెక్కి వస్తారు. వెంట ఎనభైమంది. ఆకుపచ్చ గుడ్డలు, ఇడ్లీలు, నల్లద్దాలు. ఇక్కడ వరండాలో నేనూ, కారల్, గడియారమూ ఉన్నాం. నర్సు వచ్చి ఎస్తేరమ్మ గారి పేరు మూడుసార్లు అడిగి లోపలికి తీసుకెళ్ళింది. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు. తలుపు సందులోంచి చూడబోతే ఒకాయన మర్యాదగా మూసేశాడు. మూడు గంటల్లో ఇంటికి పంపేశారు.

మర్నాడు ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పింది. ఇంటికొచ్చి నేను స్నానం చేసేసరికి ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని, వంగకుండా, గోడ తోముతున్నారు.

"ఇంత జిడ్డా! నీకు కనబడలేదూ?"

"కనబడిందండి."

"మరి చెప్పలేదేం?"

"అతిథిని కదండీ."

"కళ్ళ సంగతి చెప్పినదానివి, జిడ్డు సంగతి చెప్పలేవా?" అని నా మొహంలోకి కాసేపు చూశారు. "నువ్వు ఇంకా చిన్నదానివనుకున్నాను. నలభై దగ్గరకొచ్చావే!" అన్నారు. పన్నెండేళ్ళ నాటి పందొమ్మిది రకాల పచ్చళ్ళ సీసాలు తీసి పారబోయించారు.

సాయంత్రం డేల్ భయం భయంగా ఆపిల్ పళ్ళ పిండివంట పట్టుకుని వచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే ఆపేసి, "ఆ రోజు హారన్ కొట్టాల్సింది" అన్నారు.

"మీకెలా కొడతానండి?" అన్నాడు. యాభై దాటిన మనిషి, ఒకటో తరగతి పిల్లాడిలా నిలబడి అన్నాడు. నేను ఇంగ్లీషులో లేని అండీని ఆ మాటలో నిజంగానే విన్నాను. ఎస్తేరమ్మ గారు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కోర్టు వరండా

లైసెన్సు పరీక్ష పెట్టే ఆఫీసరు శుక్రవారాలు కౌంటీ కోర్టు భవనంలో కూర్చుంటుంది. ఆపరేషనైన పదో రోజు శుక్రవారం పడింది. మా ప్రయాణం మర్నాడు. ఆ శుక్రవారం పొద్దున్నే ఎస్తేరమ్మ గారు ఇస్త్రీ గౌను వేసుకుని, డాక్టరు సంతకం చేసిన కాగితం పట్టుకుని బయల్దేరారు. వెనక కారల్, డేల్, రాజు గారు, బొంతల ఆడవాళ్ళు ఆరుగురు. ఆఫీసరు వేరే కౌంటీ నుంచి వచ్చిన పిల్ల, ఈవిడ దగ్గర చదువుకోలేదు. మొహమాటపడే ప్రశ్నే లేదు.

మెషిన్లో కళ్ళు పెట్టించి చదివించింది. తర్వాత పక్కన కూర్చుని ఊరి చుట్టూ కారు తోలించింది. మేం వరండాలో నిలబడ్డాం. నేను దూరంగా, ఈ చివర మెట్ల దగ్గర నిలబడ్డాను. ఫెయిలైతే ఆవిడ మొహం దగ్గర్నుంచి చూసే ధైర్యం నాకు లేదు. గుర్తున్న అక్షరాలు వల్లించబోయిన మనిషిని నిజంగా కళ్ళతో చదివే పరీక్షకి తెచ్చింది నేనే.

కారు తిరిగొచ్చింది. గదిలో ఇంకో పది నిమిషాలు గడిచాయి. తలుపు తీసుకుని ఎస్తేరమ్మ గారు బయటికొచ్చి కాగితం పైకెత్తారు.

"పగలు మాత్రమే. ఏడాదికి. రాత్రిపూట నేనెలాగూ బయటికి పోను" అన్నారు.

ఆడవాళ్ళు ఆవిడ మీద పడిపోయారు. డేల్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. రాజు గారు, "అమ్మయ్య, కోళ్ళు బతికేయండీ!" అని తెలుగులోనే గట్టిగా అన్నారు. ఆవిడ అందరినీ విడిపించుకుని, చెయ్యి చాచి వరండా ఈ చివరనున్న నన్ను ఆఫీసరుకి చూపించారు.

"ఆ అమ్మాయి పేరు కరుణ. ఇండియా నుంచి వచ్చింది. నా ఇంట్లో దిగిన అతిథుల్లో మర్యాద తెలియనిది అదొక్కతే. వెళ్ళేలోపు ఇక్కడున్న వీళ్ళందరికీ ఆ మర్యాద లేనితనం కాస్త నేర్పి వెళ్ళమంటున్నాను" అన్నారు.

తిట్టేటప్పుడు కూడా అండీ చేర్చే జిల్లాలో పుట్టినదాన్ని. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నన్ను ఆ మాట అన్నవాళ్ళు లేరు. పదిమంది ముందు ఆ మాట పడి, గోడవైపు సగం తిరిగి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ, చప్పుడు చెయ్యకుండా ఏడ్చేశాను.

"కరుణా, ఏడవకు" అన్నారు ఎస్తేరమ్మ గారు వరండా ఆ చివర నుంచి. నేను ఏడుస్తున్నానని ఎవరూ ఆవిడకి చెప్పలేదు.